ఫలక్‌నుమా: కట్టినాయన ఉండలేదు, కొన్నాయన వదల్లేదు

ముందే చెప్పేస్తున్నా, హైదరాబాద్‌లో ఇప్పుడు హోటల్‌గా మారిన ఫలక్‌నుమా మేడలో మేం రాత్రి ఉండలేదు. సాయంత్రం టీ తాగి, లోపల తిరిగి చూసి బయటికొచ్చాం. ఒక్క రాత్రికి గది అద్దె ఎంతో ఫోన్‌లో చూసి మా ఆవిడ ఏమీ అనకుండా ఫోన్ నా చేతికిచ్చేసింది, దానర్థం నాకు తెలుసు. కానీ మా మరదలూ తోడల్లుడూ వాళ్ల పాతికేళ్ల పెళ్లిరోజుకి అక్కడే ఒక రాత్రి ఉండి వచ్చారు, కాబట్టి వాళ్లు చెప్పిన ముచ్చట్లు కూడా కలిపే రాస్తున్నా.

అసలీ ప్రయాణం మా బాబాయ్ కోసం. ఆయన రైల్వేలో చేశారు, 1980ల్లో కొన్నేళ్లు ఫలక్‌నుమా స్టేషన్ దగ్గరే కాపురం. పొద్దున లేచి పళ్లు తోముకుంటూ తలెత్తితే కొండ మీద తెల్లగా ఆ మేడ కనిపించేదట. గేటు ఎప్పుడూ మూసే ఉండేది. అక్కడ కాపలా ఉండే ముసలాయన టీ తాగడానికి కిందికి వచ్చినప్పుడు మాటా మాటా కలిసింది. "లోపలేముంది భాయ్, ఒకసారి చూపించు" అని బాబాయ్ ఎన్నిసార్లు అడిగినా ఆయన చెప్పే జవాబు ఒక్కటే, "ఏముంటుంది సాబ్, పావురాలు." ఈ మాట మా ఇళ్లల్లో సామెతలా అయిపోయింది. ఎవరైనా కొత్త ఇల్లు చూసొస్తే "లోపలేముంది?" అని ఒకరంటే "పావురాలు" అని ఇంకొకరు అనడం మామూలే. బాబాయ్‌కి ఇప్పుడు డెబ్బై దాటింది, మోకాళ్లు సహకరించడం లేదు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడులే అని ఆయన్నీ, మా ఆవిడనీ తీసుకుని ఖమ్మం నుంచి శుక్రవారం పొద్దున బండెక్కాను. పిన్నిని కూడా రమ్మన్నాం, "మీ పావురాలు మీరే చూసుకోండి" అని నవ్వేసి ఇంటి దగ్గరే ఉండిపోయింది.

శుక్రవారం వెళ్లడమే మొదటి తప్పు, అది పూర్తిగా నాదే. నిజాంల పాత రాజభవనం చౌమహల్లా, శుక్రవారం మూసి ఉంటుంది. అంతా చదివాను, సినిమా టికెట్ల నుంచి బిర్యానీ దాకా అన్నీ వెతికాను, ఈ ఒక్క ముక్క చూసుకోలేదు. గేటు దాకా వెళ్లి, ఎండలో నిలబడి, "రేపు రండి" అనిపించుకుని వెనక్కి తిరిగాం. మా ఆవిడ అప్పుడూ ఏమీ అనలేదు, లాడ్ బజార్ వైపు నడిచింది. ఆ మౌనం ఖరీదు రెండు జతల గాజులు.

రెండో తప్పు లాడ్జి. పేరు అనవసరం. నాంపల్లి స్టేషన్‌కి దగ్గరని, ఫొటోల్లో బావుందని, లిఫ్ట్ ఉందని రాసి ఉంటే బుక్ చేశాను. లిఫ్ట్ ఉంది, నిజమే. దానికి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ కూడా ఉంది. ఎప్పటి నుంచి పనిచేయడం లేదని అడిగితే కౌంటర్‌లో కుర్రాడు "నేను చేరినప్పటి నుంచి ఇంతే సార్" అన్నాడు. మాకు ఇచ్చిన గదేమో మూడో అంతస్తులో. మోకాళ్ల నొప్పుల మనిషి ఉన్నాడని ముందే ఫోన్‌లో చెప్పాను, "నో ప్రాబ్లం సార్" అన్నారు కూడా. చివరికి కింద సామాన్లు పడేసుకునే గది ఒకటి ఖాళీ చేయించి బాబాయ్‌కి మంచం వేయించాను. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు దాకానే, అదీ బకెట్‌తో. ఒక్క రాత్రికే టెన్షన్ పెట్టేశారు. శనివారం పొద్దున్నే సామాను సర్దుకుని అబిడ్స్ వైపు ఇంకో హోటల్‌కి మారిపోయాం. అద్దె కొంచెం ఎక్కువైనా గది కింది అంతస్తులో, మంచి నీళ్లు, అడిగితే వేడి పాలు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే, లిఫ్ట్ ఉందా అని కాదు, నడుస్తోందా అని అడగండి.

ఇంక మేడ కథ. ఇది చదువుకుని వెళితే లోపల గోడలు మాట్లాడతాయి, లేకపోతే పెద్ద పెద్ద షాండ్లియర్లు చూసి వచ్చేస్తాం అంతే.

ఫలక్‌నుమా నిజాం కట్టించింది కాదు. చాలామందికి ఇదే తెలియదు, నాకూ మొన్నటిదాకా తెలియదు. కట్టించింది సర్ వికారుల్ ఉమ్రా. ఈయన పాయిగా వంశం. నిజాం రాజ్యంలో నిజాం తర్వాత అంతటి హోదా పాయిగాలదే. సొంత జాగీర్లు, సొంత సైన్యం, పైగా నిజాం ఇంటి ఆడపడుచుల్ని చేసుకునే వియ్యం. వికారుల్ ఉమ్రా భార్య ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కూతురు, అంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి తోబుట్టువు. కాబట్టి ఈ కథంతా బావా బావమరుదుల మధ్య జరిగిందే.

1884 మార్చి 3న పునాది వేశారు. ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ ప్లాను, ఇటలీ నుంచి పాలరాయి, రంగుటద్దాల కిటికీలు, ఇటాలియన్ పద్ధతీ ట్యూడర్ పద్ధతీ కలిపిన కట్టడం. ప్లాను పై నుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుంది. ఈ కొండకి కోహ్-ఎ-తూర్ అని పేరు. ఫలక్‌నుమా అంటే ఆకాశంలా ఉండేదని అర్థం. కట్టడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఖర్చు నలభై లక్షల దాకా అయిందంటారు. ఆ రోజుల్లో నలభై లక్షలు. జాగీర్ల రాబడి ఎంతున్నా ఈ కొండ మొత్తం తినేసింది, అప్పులు చేయాల్సి వచ్చింది. ఇల్లు కట్టి చూడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. విచిత్రమేంటంటే మేడ పూర్తయిన 1893లోనే ఆయన హైదరాబాద్ ప్రధానమంత్రి అయ్యాడు. పదవి ఉంది, కొండ మీద మేడ ఉంది, కింద అప్పులవాళ్లు ఉన్నారు.

తర్వాత జరిగిందానికి కాగితాల కన్నా కథలే ఎక్కువ. అందరూ చెప్పేది ఏమిటంటే, నిజాం అతిథిగా వచ్చాడు, ఇల్లు తెగ నచ్చింది, వెళ్లిపోవాల్సినవాడు ఉండిపోయాడు. అప్పుడు వికారుల్ ఉమ్రా భార్య, తెలివిగల మనిషి, "మీకు నచ్చింది కదా, ఇది మీదే అనుకోండి" అని నజరానాగా ఇచ్చేయమని భర్తకి సలహా ఇచ్చిందట. నిజాం ఏమైనా ఊరికే తీసుకుంటాడా, ఖర్చు తిరిగి ఇచ్చాడు, అప్పులు తీరాయి, పరువూ నిలబడింది. ఇదంతా ఎంతవరకు నిజమో గానీ 1897 నుంచి మేడ నిజాందే అన్నది మాత్రం ఖాయం. కట్టినాయన సొంతంగా పూర్తి ఇంట్లో ఉన్నది నాలుగేళ్లే అన్నమాట.

ఇది వింటున్నంతసేపూ బాబాయ్ ఏమీ అనలేదు, చివర్లో మాత్రం "ఆడపడుచు కదరా, పుట్టింటికి అమ్మేసింది" అన్నారు. చరిత్రని ఇంతకన్నా క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు నాకు.

శనివారం పొద్దున చౌమహల్లా అయింది. ముందుగా ఒక మాట, ఫలక్‌నుమాకీ చౌమహల్లాకీ ఒక్కటే చూసే టైముంటే నేనైతే చౌమహల్లాకే వెళ్లమంటాను. టికెట్ మనలాంటివాళ్లకి అందేదే, ఎవరూ తరమరు, కూర్చోవడానికి చెట్ల నీడలున్నాయి. ఖిల్వత్ దర్బారు హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు వేలాడుతూ ఉంటాయి, నిజాంల పట్టాభిషేకాలు జరిగిన చోటు. పాత కార్ల దగ్గర ఒక పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది, 1912 నాటిది. దాన్ని ఆర్డర్ ఇచ్చింది మహబూబ్ అలీ ఖాన్, బండి వచ్చేసరికి ఆయన లేడు. 1911 ఆగస్టు 29న పోయాడు, అదీ ఎక్కడో కాదు, ఫలక్‌నుమాలోనే, 45 ఏళ్లకి. బావ దగ్గర కొనుక్కున్న ఇంట్లో.

బాత్‌రూములు శుభ్రంగా ఉన్నాయి, ర్యాంపులు కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల మెట్లే గతి. నడక మాత్రం ఎక్కువ. బాబాయ్ సగం చూసి చెట్టు కింద కూర్చుని మమ్మల్ని పంపేశారు. రెండు గంటలు చాలనుకుని వెళ్లాం, మూడు పట్టింది.

మధ్యాహ్నం ఫలక్‌నుమాకి. క్యాబ్ బుక్ చేస్తే ఇద్దరు క్యాన్సిల్ చేశారు, పాతబస్తీ ట్రాఫిక్ తెలిసినవాళ్లు ఎవరైనా అదే చేస్తారు. బాబాయ్ మాత్రం ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో వెళదామని పట్టుబట్టారు. కాచిగూడలో ఎక్కితే మలక్‌పేట, దబీర్‌పుర, యాకుత్‌పుర, ఉప్పుగూడ, ఫలక్‌నుమా. చిల్లరతో అయిపోయే ప్రయాణం, కిటికీ పక్కన సీటు, బయట ట్రాఫిక్ గొడవ మనకి పట్టదు. రైళ్లు మాత్రం తరచుగా ఉండవు, టైము చూసుకుని వెళ్లాలి. స్టేషన్‌లో దిగగానే బాబాయ్ ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి ఒకచోట ఆగి కొండ వైపు చూశారు. ఇప్పుడు మధ్యలో ఇళ్లు లేచాయి, సగమే కనిపించింది. "అప్పుడు మొత్తం కనిపించేది" అని మాత్రం అన్నారు. అక్కణ్నుంచి గేటుకి ఆటో.

ఒక ముఖ్యమైన విషయం. ముందుగా బుక్ చేసుకోకుండా వెళితే గేటు దగ్గరే ఆపేస్తారు, "ఊరికే చూసి వెళ్లిపోతాం" అంటే కుదరదు. ఇది హోటల్, మ్యూజియం కాదు. టీకో భోజనానికో బుక్ చేసుకుంటేనే లోపలికి. మమ్మల్ని గేటు దగ్గర పేర్లు చూసుకుని బ్యాటరీ బండిలో పైకి తీసుకెళ్లారు. మా మరదలు వాళ్లకి, రాత్రి ఉండేవాళ్లు కాబట్టి, గుర్రపు బగ్గీ. మెట్లెక్కుతుంటే పై నుంచి గులాబీ రేకులు చల్లుతారు. "పెళ్లప్పుడు కూడా ఇంత చల్లలేదు" అని మరదలు ఇప్పటికీ చెబుతుంది. ఆ రేకుల్లో రెండు మూడు తెచ్చి పుస్తకంలో పెట్టుకుంది.

కొండ ఎత్తు గురించి చిన్న మాట. చాలాచోట్ల నగరానికి 2000 అడుగుల ఎత్తున ఈ మేడ ఉందని రాస్తారు. నగరం మీద రెండు వేల అడుగులంటే మేఘాల్లో ఉండాలి. హైదరాబాదే సముద్రమట్టానికి 1700 అడుగుల పైన ఉంది, ఈ రెండు వేలు కూడా అక్కణ్నుంచి లెక్కే అయ్యుంటుంది. నిజానికిది మరీ పెద్ద కొండేం కాదు, గుట్ట. కానీ చుట్టూ అంతా పల్లం కాబట్టి పైన నిలబడితే చార్మినార్ వైపు ఊరంతా కాళ్ల కింద పరిచినట్టు ఉంటుంది, అది మాత్రం అబద్ధం కాదు.

టీ సంగతి. జేడ్ రూమ్ అనే హాల్లో, బయట వరండాలో ఇస్తారు. మేం వరండా అడిగాం. మూడు అంతస్తుల స్టాండు మీద తీపీ కారమూ వస్తాయి, పైనున్నవి తినేసరికే కడుపు నిండుతుంది. టీ బావుంది. కానీ కేవలం టీ కోసం ఆ డబ్బు పెట్టొద్దు, పాతబస్తీలో ఏ ఇరానీ హోటల్లో తాగినా నాలిక్కి అంతకన్నా ఎక్కువే దక్కుతుంది. ఇక్కడ మనం కట్టేది కుర్చీకి, ఎదురుగా కనిపించే ఊరికి, పొద్దుగుంకే వేళకి. అలా అనుకుని వెళితే బాధ ఉండదు. సర్వ్ చేసిన కుర్రాడు బాబాయ్ కాలు చాపలేకపోతున్నారని అడగకుండానే చిన్న పీట తెచ్చి పెట్టాడు. ఆ రోజు నాకు బాగా నచ్చింది అదే.

తర్వాత లోపల తిప్పి చూపించారు. ఇది అన్ని రోజులూ అందరికీ ఉంటుందని అనుకోకుండా బుక్ చేసేటప్పుడే అడిగి తేల్చుకోండి. రాత్రి ఉండేవాళ్లకి సాయంత్రం కథ చెబుతూ తిప్పే మనిషి వేరే ఉంటాడని మరదలు చెప్పింది. పాలరాతి మెట్లదారి, పక్క గోడ మీద బ్రిటిష్ గవర్నర్ జనరళ్ల చిత్రాలు వరసగా. లైబ్రరీలో చెక్కుడు పని చేసిన వాల్‌నట్ పైకప్పు, విండ్సర్ కోటలో ఉన్నదాని నమూనా అంటారు. భోజనాల హాల్లో 101 మంది ఒకేసారి కూర్చునే బల్ల, పొడవు 108 అడుగులు. ఈ చివర గొణిగితే ఆ చివరికి వినిపిస్తుందన్నారు. మా ఆవిడ ఒక చివర నిలబడి ఏదో అంది, నాకు వినిపించలేదు, లేక వినిపించనట్టు నిలబడ్డానో. 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు ప్రధాని మోదీ విందు ఇచ్చింది ఇక్కడే.

ఇవన్నీ సరే, నేను వెతుక్కుంటూ వెళ్లింది మాత్రం రెండు ఇంగ్లీషు అక్షరాలు. వి, ఓ. వికారుల్ ఉమ్రాలో ఉమ్రా అనే మాటని అప్పట్లో ఇంగ్లీషులో 'O'తో మొదలుపెట్టి రాసేవారు, ఆ రెండక్షరాల్నీ పెనవేసి ముద్రలా చేయించి ఫర్నిచర్ మీద, గోడల మీద, పైకప్పు మీద వేయించుకున్నాడు. నేను పైకప్పు చూస్తూ మెడ పట్టేసేదాకా తిరుగుతుంటే బాబాయ్ చేత్తో పిలిచి చూపించారు. వి అక్షరం రెండు చేతులూ ఓ మధ్యలోంచి పైకి లేచినట్టు, దాని చుట్టూ తీగల్లా నగిషీ. దగ్గరికి వెళ్లి చూస్తే నగిషీలో కలిసిపోయి పువ్వేమో అనిపిస్తుంది, రెండడుగులు వెనక్కి జరిగితేనే అక్షరాలు విడివడతాయి. ఇల్లు నిజాం కొన్నాడు, కొడుక్కి పోయింది, మునిమనవడికి పోయింది, తాళాలు పడ్డాయి, హోటల్ అయింది. ఆ రెండక్షరాలని ఎవరూ చెరపలేదు.

ఇదే హైదరాబాద్‌లో దీనికి తిరకాసు కథ ఇంకొకటి ఉంది, కింగ్ కోఠీ. దాన్ని కట్టించింది కమాల్ ఖాన్ అనే ఆయన. ఆయనా తన పేరులోని కె, కె అక్షరాల్ని తలుపుల మీద, కిటికీల మీద చెక్కించుకున్నాడు. ఆ ఇల్లు తర్వాత నిజాం కుటుంబానికి వచ్చింది, మహబూబ్ అలీ ఖాన్ కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ యువరాజుగా ఉన్నప్పుడే అందులో చేరాడు. నిజాం ఇంటి మీద ఇంకొకరి పేరు ఎలా ఉంటుంది? పోనీ చెక్కినవన్నీ తీసేయాలంటే ఖర్చు. అందుకని కె కె అంటే కింగ్ కోఠీ అని ఉత్తర్వు ఇచ్చి ఊరుకున్నారట. పిసినారితనానికి పేరుమోసిన మనిషి మరి. తండ్రి మహబూబ్ అలీ ఖాన్ అయితే తన బావగారి అక్షరాలకి ఆ తిప్పలు కూడా పెట్టలేదు, అలాగే వదిలేశాడు, బహుశా వి, ఓలకి కలిసొచ్చే మాట దొరకలేదేమో.

ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠీలోనే ఉన్నాడు, 1967లో అక్కడే పోయాడు. ఫలక్‌నుమాని అతిథి గృహంగా ఉంచాడు. వేల్స్ యువరాజు, వైస్రాయిలు వచ్చినప్పుడు దీపాలు వెలిగేవి, వెళ్లిపోయాక మళ్లీ చీకటి. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య, హైదరాబాద్ రాజ్యం ముగిసింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చి ఉండటమే ఇక్కడ చివరి పెద్ద అతిథి మర్యాద అని చెబుతారు. ఆ తర్వాత తలుపులు మూశారు.

ఉస్మాన్ అలీ ఖాన్ కన్నకొడుకుల్ని పక్కనపెట్టి మనవడు ముకర్రం జాకి వారసత్వం ఇచ్చాడు. ఆయనకి దక్కింది ఆస్తి కన్నా తలనొప్పి. వేలమంది నౌకర్లు, లెక్కలేనంతమంది వారసులు, కేసులు, పన్నులు, 1971లో రాజభరణాల రద్దు. అన్నీ వదిలేసి ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఫారం కొనుక్కున్నాడు, బుల్‌డోజర్ తనే నడుపుకుంటూ అక్కడ సుఖంగా ఉండేవాడంటారు. బాబాయ్ కింద పళ్లు తోముకుంటూ మేడ వైపు చూసిన రోజులు ఇవే. కొండ మీద మేడ ఉన్నాయన ఎక్కడో ఎడారి అంచున గొర్రెల్ని చూసుకుంటున్నాడు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో పోయాడు, హైదరాబాద్ తెచ్చి ఇక్కడి మక్కా మసీదులో ఖననం చేశారు.

మేడని మళ్లీ లేపింది ఆయన మొదటి భార్య ఎస్రా, టర్కీ ఆవిడ. విడిపోయిన ఎన్నో ఏళ్లకి తిరిగొచ్చి చౌమహల్లా, ఫలక్‌నుమా రెండూ బాగుచేయించే పని నెత్తినేసుకుంది. ఫలక్‌నుమాని తాజ్ హోటళ్ల వాళ్లకి లీజుకిచ్చారు, బాగుచేయడానికే పదేళ్లు పట్టింది, 2010 నవంబర్‌లో 60 గదుల హోటల్‌గా తెరిచారు. కట్టడానికి తొమ్మిదేళ్లు, తుడవడానికి పదేళ్లు. మొదటిసారీ ఒక ఇంటి కోడలే గట్టెక్కించింది, రెండోసారీ అంతే. ఈ మాట మా ఆవిడది, నాది కాదు.

ఇక రాత్రి ఉండాలా వద్దా. మరదలి లెక్క ప్రకారం, తిరుపతికో అరకుకో వెళ్లినట్టు గది తీసుకుని బయట తిరగడానికి వెళితే డబ్బు దండగ. మధ్యాహ్నమే చేరిపోయి, గేటు దాటకుండా, మర్నాడు చివరి నిమిషం దాకా అక్కడే ఉంటేనే గిట్టుబాటు. రాత్రి పదకొండు దాటాక వరండాలో వాళ్లిద్దరే ఉన్నారట, కింద ఊరు దీపాలు, ఎక్కడో రైలు కూత. "అదొక్కటి మీకు టీతో రాదు బావా" అంది. ఒప్పుకున్నాను. తోడల్లుడి అభిప్రాయం వేరు, ఆయనకి ఏదైనా ముట్టుకుంటే విరిగిపోతుందేమోనని రాత్రంతా భయమే, పెద్ద పరుపు మీద అంచున పడుకున్నాడట.

ఆదివారం సంతోష్‌నగర్ పక్కన పీసల్‌బండలో పాయిగా సమాధులకి వెళ్లాం. సందుల్లో సందులు, ఆటో అతను మూడుసార్లు దిగి అడిగాడు. బోర్డులు చూసి వెళదామనుకుంటే కష్టమే, ఫోన్‌లో దారి పెట్టుకోండి. కానీ లోపలికి వెళ్లాక మాట రాదు. సున్నంతో చేసిన జాలీ పని, అంటే చిల్లుల అల్లికలు, ఒక గోడ మీద ఉన్న అల్లిక ఇంకో గోడ మీద లేదు. ఉదయపు ఎండ ఆ జాలీల్లోంచి పడి నేల మీద ముగ్గు వేసినట్టు ఉంది. మేం తప్ప ఇంకో కుటుంబం ఉంది, అంతే. వికారుల్ ఉమ్రా, ఆయన భార్య ఉన్నది ఇక్కడే. ఫలక్‌నుమా ఇచ్చేశాక ఆయన బేగంపేటలో ఇంకో మేడ కట్టుకున్నాడు, అక్కడే స్పెయిన్ పద్ధతిలో ఒక మసీదు మొదలుపెట్టాడు, దాన్నే ఇప్పుడు స్పానిష్ మసీదు అంటారు. మసీదు పూర్తయింది 1906లో, ఆయన పోయింది 1902లో. బేగంపేట మేడ చాలాకాలం ప్రభుత్వ ఆఫీసుగా ఉంది, 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్. వీసా కోసం లైన్లో నిలబడ్డ మనవాళ్లు ఎంతమందో, ఎవరింట్లో నిలబడ్డామో తెలియకుండానే నిలబడ్డారు. మా అబ్బాయి కూడా.

అదే రోజు సాయంత్రం సికింద్రాబాద్‌లో బండి కోసం కూర్చుంటే పిన్ని ఫోన్ చేసింది. మోకాళ్లు ఎలా ఉన్నాయి, మందులేసుకున్నారా, తిన్నారా అన్నీ అయ్యాక అడిగింది, స్పీకర్‌లో ఉంది కాబట్టి నాకూ వినపడింది.

"ఇంతకీ లోపలేముందండీ?"

బాబాయ్ కాసేపు ఆలోచించారు. బల్ల గురించో, మెట్ల గురించో, ఆ రెండక్షరాల గురించో చెబుతారనుకున్నాను.

"పావురాల్లేవే" అన్నారు, "అన్నీ తోలేశారు."